రంగు పోయిన మూడో సీసా

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ల్యాబ్‌లో ఆ నీలం పెట్టె మూత తీసిన దగ్గర్నుంచీ సావిత్రికి చిరాకుగానే ఉంది. లోపల నురుగు దిమ్మెలో నాలుగు ముదురు గాజు సీసాలు కుదురుగా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్క దానిలోంచి కొంచెం గాజు గిన్నెలోకి వంపి చూసింది. మొదటి పరీక్షది వంకాయరంగు. రెండోదీ వంకాయరంగే. పొగ తగలకుండా ఊరికే తోడు వెళ్ళివచ్చిన ఖాళీ నమూనా కూడా అదే రంగు. మూడో పరీక్ష సీసాలోది మాత్రం మంచినీళ్ళలా ఉంది. అడుగున గోధుమరంగు మడ్డి.

పెట్టెలోనే ప్లాస్టిక్ కవరులో ఫీల్డ్ కాగితం ఉంది. 'ద్రావణం రంగు' అన్న గడిలో మూడు పరీక్షలకూ ఒకే మాట: సరిగా ఉంది. కింద జయంత్ సంతకం.

"సరిగా ఉందట," అంది సావిత్రి, వినడానికి గదిలో ఎవరూ లేకపోయినా.

సావిత్రిది అమలాపురం. నలభై ఏడేళ్ళు. దోహా వచ్చి పదకొండేళ్ళయింది. ఇండస్ట్రియల్ ఏరియాలో ఉన్న ఒక ప్రైవేటు ల్యాబ్‌లో సీనియర్ కెమిస్టు. నీళ్ళలో, మట్టిలో, పొగలో ఏ లోహం ఎంత ఉందో కొలిచి చెప్పడం ఆమె పని. పని బాగా వచ్చు. బాగా వచ్చిన వాళ్ళకు ఇతరుల పని మీద ఉండే విసుగు కూడా ఆమెకు బాగానే ఉంది.

ఈ సీసాలు వచ్చింది మాత్రం ఖతార్ నుంచి కాదు. దోహాలోని ఒక పెట్టుబడి కంపెనీ, ఎక్కడో ఉత్తరాన మంచు పడే దేశంలో ఒక కరెంటు ప్లాంటులో వాటా కొనాలనుకుంది. ఆ ప్లాంటులో బొగ్గు బదులు ఆయిల్ షేల్ కాలుస్తారు. అది నూనె పట్టిన రాయి. పొడి చేసి కొలిమిలో వేస్తే మండుతుంది, కానీ వేసినదాంట్లో సగం బూడిదగానే బయటికొస్తుంది. ఆ రాయిలో పుట్టుకతోనే సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, పాదరసం లాంటివి లేశమాత్రంగా ఉంటాయి. లేశమే. కానీ రోజుకు వేల టన్నుల రాయి కాలిస్తే ఆ లేశాలన్నీ చిమ్నీ ఎక్కి చుట్టుపక్కల వాలతాయి. అందుకని కొనేముందు, ఆ ప్లాంటుతో సంబంధం లేని ల్యాబ్ చేత పొగలో లోహాలు కొలిపించాలని ఒప్పందంలో షరతు పెట్టుకున్నారు. ఆ పని సావిత్రి వాళ్ళ ల్యాబ్‌కు వచ్చింది. ఫీల్డ్ ఇంజనీరు జయంత్, అతనికి సాయంగా రాజేశం వెళ్ళి, చిమ్నీ ఎక్కి, పొగ పట్టుకుని వచ్చారు.

పొగను పట్టడం చెప్పినంత తేలిక కాదు. వేడి గొట్టంతో లాగి, ముందు వడపోత కాగితం గుండా, తరువాత ఐసు నీళ్ళలో నిలబెట్టిన గాజు సీసాల వరస గుండా పంపాలి. సీసం, ఆర్సెనిక్ కాగితం దగ్గరా మొదటి సీసాల్లోనూ ఆగిపోతాయి. పాదరసం ఆవిరి వాటికి లొంగదు. దాన్ని చివరి సీసాలోని పర్మాంగనేట్ ద్రావణం పట్టుకోవాలి. నీలం పెట్టెలో వచ్చింది అదే. ఊళ్ళలో బావుల్లో వేసే వంకాయరంగు మందే అది, ఆమ్లంలో కలిపి వాడతారు. ఆ రంగు ఉన్నంతసేపే దానికి పట్టే శక్తి. పొగలో గంధకం వాయువు ఎక్కువైతే రంగు విరిగిపోతుంది. విరిగాక పాదరసం నేరుగా బయటికి పోతుంది, కాగితం మీద మాత్రం గాలి శుభ్రంగా ఉన్నట్టు కనిపిస్తుంది.

ఈ సంగతి జయంత్‌కు రెండుసార్లు చెప్పింది. రాజేశం కోసం తెలుగులో రాసి, సీసాల బొమ్మ గీసి, ల్యామినేషన్ చేయించి ఇచ్చింది. అంత చేసినా ఇదీ వచ్చిన ఫలితం.

సోమవారం మధ్యాహ్నానికి అంకెలు వచ్చాయి. ఘనమీటరు పొగలో పాదరసం మొదటి పరీక్షలో ఐదు మైక్రోగ్రాములు, రెండోదాంట్లో నాలుగు పాయింట్ ఎనిమిది, మూడోదాంట్లో సున్నా పాయింట్ నాలుగు. మూడూ కలిపి సగటు తీస్తే మూడు పాయింట్ నాలుగు. ఒప్పందంలో రాసుకున్న హద్దు నాలుగు. మూడో సీసాను లెక్కలోకి తీసుకుంటే ప్లాంటు పాస్. తీసెయ్యగానే నాలుగు పాయింట్ తొమ్మిది, ఫెయిల్.

ఆమె జయంత్‌కు ఫోన్ చేసింది. అతను వేరే సైటులో ఉన్నాడు. వెనక నుంచి జనరేటర్ చప్పుడు.

"జయంత్, మూడో పరీక్షలో రంగు ఎప్పుడు పోయింది?"

"అక్కడ సరిగానే ఉంది మేడమ్. రాశాను కదా."

"రాశావు, చూశాను. నా దగ్గరికి నీళ్ళలా వచ్చింది."

"దార్లో పోయి ఉంటుంది. రెండు విమానాలు మారాయి."

"ఖాళీ నమూనా కూడా అదే పెట్టెలో రెండు విమానాలు మారింది. దానికేం కాలేదే."

"మేడమ్, నేను పైన ఉన్నాను. తరువాత చేస్తాను." చెయ్యలేదు.

ల్యాబ్ మేనేజరు ముజఫ్ఫర్ అలీది హైదరాబాద్. అరవైకి దగ్గర్లో ఉన్నాడు. రోజుకు ఆరు కప్పుల సులేమానీ, పాలు లేని టీ, తాగుతాడు. సావిత్రి అంకెల కాగితం బల్ల మీద పెట్టేసరికి మూడో కప్పులో ఉన్నాడు.

"మూడు పరీక్షలు చెయ్యమన్నరు, చేసినం. సగటు తియ్యమన్నరు, తీస్తం," అన్నాడు. "మన దగ్గరికొచ్చిన సీసాల ఏముందో చెప్పుడే మన పని సావిత్రి గారూ. సీసాలకు రాకముందు ఏమైందో మనకేం ఎరుక?"

"రంగు లేకపోతే అది పరీక్షే కాదు సర్. పద్ధతిలోనే రాసి ఉంది. దాన్ని సగటులో కలపకూడదు."

"అక్కడ రంగు పోయిందని ఎవరన్న రాసిన్రా?"

"లేదు."

"మరి?"

"ఖాళీ నమూనా..."

"ఖాళీ నమూనా మంచిగుంది, మూడో సీసా మూత లూజున్నదని క్లయింట్ అంటడు. అప్పుడేం చెప్తరు?" ఆయన కణతలు నొక్కుకున్నాడు. "గురువారం రిపోర్ట్ పోవాలె. మీకు ప్రతి నెలా కొట్లాడనీకి ఒక సీసా దొరుకుతది. జయంత్ చేత రాయించుక రండి, మూడోది కొట్టేస్త. కాగితం లేదంటే మాఫీ, నాతోని కాదు."

సావిత్రి తన గదికి వచ్చి కూర్చుంది. అందరూ ఎంత సులువుగా చేతులు దులుపుకుంటున్నారో అనిపించింది. ఒకడు చూసి కూడా సరిగా ఉందని రాస్తాడు, ఇంకొకాయన కాగితం లేదు కాబట్టి ఏమీ జరగలేదంటాడు. ఇక చూసినవాడు రాజేశం ఒక్కడే మిగిలాడు.

మంగళవారం డ్యూటీ అయ్యాక ఆమె ఇంటికి, అంటే అల్ అజీజియాకు, వెళ్ళకుండా కారును ఉత్తరం వైపు పోనిచ్చింది. కంపెనీ స్టోరు, దాని వెనక పనివాళ్ళ గదులు ఉమ్ సలాల్‌లో ఉన్నాయి. ఒకప్పటి తోట విల్లా అది. వెనక ఇంకా నాలుగు ఖర్జూరపు చెట్లు మిగిలాయి. రాజేశం కుళాయి దగ్గర ముక్కాలి పీట మీద కూర్చుని గాజు గొట్టాలు బ్రష్షుతో కడుగుతున్నాడు. ఆమెను చూసి లేచి చేతులు తుడుచుకున్నాడు.

రాజేశంది జగిత్యాల దగ్గర పల్లె. యాభై ఒక్క ఏళ్ళు. పందొమ్మిదేళ్ళుగా గల్ఫ్‌లో ఉన్నాడు. ముందు బిల్డింగుల చుట్టూ గోవాలు, అంటే పరంజాలు, కట్టే పని చేసేవాడు. ఎత్తుకు భయం లేదని ఈ ల్యాబ్ వాళ్ళు చిమ్నీల పనికి తీసుకున్నారు.

"నువ్వు కూర్చో రాజేశం. ఒక్క మాట అడిగి పోతాను. మూడో పరీక్షలో రంగు అక్కడే పోయిందా?"

"అక్కడనే వోయింది మేడం," అన్నాడు రాజేశం, ఇన్నాళ్ళకు అడిగారా అన్నట్టు. "సగం గూడ కాలే. ఆ దినం రాయి మార్చినట్టున్నరు, కంపు మస్తుగుండె. నేను సూస్తాన్న, వంకాయరంగు ఎర్రగైంది, ఎర్రది పసుప్పచ్చగైంది, ఇగ తెల్లగైంది. జయంత్ సారుకు జెప్పిన."

"ఏమన్నాడు?"

"సూసిండు. తిట్టిండు."

"నిన్నా?"

"నన్నెందుకు తిడ్తడు?" రాజేశం చూపు ఖర్జూరపు చెట్ల వైపు తిప్పుకున్నాడు. "ఎవల్నో తిట్టిండు తియ్యిర్రి."

"తిట్టడం సరే. ఆపి కొత్త ద్రావణం పొయ్యాలి కదా. నీకోసం తెలుగులో రాసిచ్చాను. బొమ్మ గీసిచ్చాను. ఇంకెట్లా చెప్పాలి నేను?"

రాజేశం గదిలోకి వెళ్ళి ఆ ల్యామినేషన్ కాగితం పట్టుకొచ్చాడు. మూల ఒకటి మడతపడింది తప్ప శుభ్రంగా ఉంది. వేలు పెట్టి నిదానంగా చదివాడు. "రంగు పోతే వెంటనే ఆపి, అదనపు సీసాలోంచి కొత్తది పొయ్యాలి." తలెత్తాడు. "అదనపు సీసా ఏది మేడం? పెట్టెల మూడు పరీక్షలకు మూడుండె. నాలుగోది ఉత్తది. ఉత్తదన్న పోద్దాం సారూ అన్న. మీరు దాని మీద ఎర్ర సిరతోని ముట్టవద్దని రాసిన్రని సారు వద్దన్నడు."

"ఐదు సీసాలు పంపాను," అంది సావిత్రి.

"నాలుగే మేడం. నేనే కట్టిన పెట్టె."

ఆ ఐదో సీసా ఎక్కడికి పోయిందో ఆమెకు జ్ఞాపకం వచ్చింది. పర్మాంగనేట్ విమానంలో పంపాలంటే ప్రమాదకర వస్తువుల ఫారం నింపాలి. కొరియర్ వాళ్ళు ఆ ఫారాన్ని మూడుసార్లు వెనక్కి పంపారు. ఒకసారి సంతకం నీలం సిరాతో లేదన్నారు, ఇంకోసారి స్టాంపు అక్షరం మీద పడిందన్నారు. మూడోసారి, పరిమాణం లీటరు దాటితే వేరే ఫారం, ఇంకో మూడు రోజులు అన్నారు. అప్పటికి ఆమె ఓపిక అయిపోయింది. ఫోను చెవికి పెట్టుకునే, జాబితాలో చివరి వరుస మీద పెన్నుతో అడ్డంగా గీత గీసి, పక్కన పొట్టి సంతకం పెట్టి పంపేసింది. ఆ చివరి వరుసే అదనపు సీసా. తరువాత దాని సంగతే మరిచిపోయి, అది ఉన్నట్టే సూచనలు రాసి ఇచ్చింది.

"మీకు ఫోన్ గూడ చేసిండు సారు," అన్నాడు రాజేశం. "చిమ్నీ మీదికెల్లే చేసిండు. రెండు మాట్లు. మీరు ఎత్తలేరు. చేతులు కొంకర్లు వోతున్నయ్. ఇగ కానియ్యన్నడు."

ఆమె ఫోన్ తీసి వెనక్కి వెళ్ళి చూసింది. మూడో పరీక్ష జరిగింది అంతకుముందు వారం శుక్రవారం. ఆ మధ్యాహ్నం విదేశీ నంబరు నుంచి రెండు కాల్స్ ఉన్నాయి. అన్నం తిని పడుకుని, ఎవరో ఏదో అమ్మడానికి చేస్తున్నారనుకుని రెండోసారి ఫోను బోర్లా పెట్టేసింది. అదీ గుర్తుంది.

రాజేశం టీ తెచ్చిచ్చాడు. ఆమె నిలబడే తాగింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక, టీలో పంచదార ఎక్కువైందని అంది.

"మేడం, ఒకటి అడుగుతా," అన్నాడు అతను. "ఆ ప్లాంటు పక్కపొంటి పెద్ద చెరువుంది. మొత్తం గడ్డగట్టింది. ముసలోళ్ళు బరఫ్‌కు తూట్లు వొడిచి, స్టూల్ ఏసుకుని కూసోని చాపలు వడ్తున్నరు. మా అవ్వ ఎల్లవ్వకు వీడియోల సూపిస్తే నమ్మలే. దుబాయ్ల మంచెట్ల వడ్తదిరా అన్నది. ఒక ముసలాయన నాకు మూడు దినాలు చాపలిచ్చిండు. కారం ఏసి వండుకున్నం. పొగల పాదరసం అంటరు గదా, అది చాపలకొస్తదా? మాకేమన్న అయితదా?"

"మూడుసార్లు తింటే ఏమీ కాదు."

"నిజంగనేనా?"

"నిజంగానే. పొగలోది నీళ్ళలో పడి, పురుగుల్లోకి, చేపల్లోకి ఎక్కుతుంది. ఏళ్ళ తరబడి అదే తినేవాళ్ళకు, కడుపుతో ఉన్నవాళ్ళకు, చిన్నపిల్లలకు మంచిది కాదు."

"ముసలాయన రోజు తింటనే ఉండొచ్చు. మనుమరాలు గూడ వచ్చేది, బక్కెట్ల ఏసుకుని కొంటవోయేది." రాజేశం గ్లాసు అందుకున్నాడు. "మరి రిపోర్టుల ఏమొచ్చింది మేడం? మంచిగనే ఉందా?"

"ఇంకా రాయలేదు," అంది సావిత్రి.

ఇంట్లో భోజనాల దగ్గర ఆమె భర్త శేషాచలం సంగతంతా విన్నాడు. రోడ్ల కాంట్రాక్టు కంపెనీలో ప్లానింగ్ ఇంజనీరు, నెమ్మది మనిషి.

"రంగు పోయింది కదా. సరిగా ఉందని రాసింది జయంత్ కదా," అన్నాడు. "నువ్వు ఐదో సీసా సంగతి ఎత్తకుండానే అతని చేత నిజం రాయించొచ్చు. రెండూ వేరు వేరు."

"వేరెట్లా అవుతాయండీ? ఆపి కొత్తది పొయ్యమన్నాను. కొత్తది ఇవ్వలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. వాడు ఏం చేసుండాలి?"

"రంగు పోయిందని రాసి రావాల్సింది."

"రాయాల్సిందే. అది వాడి తప్పు. నాది నాకు లేకుండా పోదుగా." పెరుగు గిన్నె అతని వైపు తోసింది. "ఈ పదకొండేళ్ళలో ఎన్ని ఫీల్డ్ కాగితాలు వాళ్ళ మొహాన కొట్టానో. వాటిలో ఎన్నింటికి నేను సగం కారణమో."

శేషాచలం పెరుగు వడ్డించుకున్నాడు.

బుధవారం పొద్దున జయంత్ ల్యాబ్‌కు వచ్చాడు. ఇరవై తొమ్మిదేళ్ళు, గుంటూరు పిల్లాడు. సావిత్రి గదిలోకి వస్తూనే నిలబడి, తిట్లు పడటానికి సిద్ధపడ్డవాడిలా చేతులు కట్టుకున్నాడు. ఆమె పాత ఫారం నకలు బల్ల మీద పెట్టి, చివరి వరుస మీద గీతను, పక్కన తన పొట్టి సంతకాన్ని చూపించింది.

"ఇది నీకు తెలుసా?"

"అక్కడ పెట్టె తెరిచినప్పుడు తెలిసింది మేడమ్."

"ఫోన్ చేశావట. ఎందుకు చెప్పలేదు మొన్న?"

"చెప్తే ఏమయ్యేది?" అతను మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. "తప్పుగా అనుకోకండి. మీతో మీ తప్పు ఇదీ అని ఇక్కడ ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా? చెప్తే ఇంకో పది కాగితాలు తీసి మా తప్పులు చూపిస్తారు. చిమ్నీ మీద మైనస్ పద్నాలుగు డిగ్రీల చలిలో, ఆ పూట తప్పితే మళ్ళీ ఊళ్ళోకి బస్సు దొరకదని తెలిసి, రంగు పోయిందని రాస్తే మీరు మళ్ళీ వెళ్ళమంటారు, ముజఫ్ఫర్ సర్ నా పనితనం బాగాలేదంటారు. సరిగా ఉందని రాసేశాను. ఎవరూ పట్టించుకోరనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది."

సావిత్రికి కోపం వచ్చింది. అలవాటైన కోపమే. నోటిదాకా వచ్చింది, కానీ అతను చెప్పింది ముక్క ముక్కా నిజం. ఈ ల్యాబ్‌లో తనతో ఎవరూ అలా చెప్పకపోవడానికి కారణం తను తప్పు చెయ్యకపోవడం అనే ఇన్నాళ్ళూ అనుకుంది.

"కూర్చో," అంది చివరికి. "నువ్వు చూసింది చూసినట్టు రాయి. టైముతో సహా. నేను చేసింది నేను రాస్తాను."

ఇద్దరూ ఒకే బల్లకు చెరోవైపు కూర్చుని రాశారు. సావిత్రి రాసింది ఒక పేజీ. మూడో పరీక్షలో ద్రావణం సగంలోనే రంగు కోల్పోయింది కాబట్టి అది చెల్లదు. అదనపు ద్రావణాన్ని రవాణా జాబితాలోంచి తీసేసింది నేను. ఫీల్డ్ సిబ్బంది ఫోను చేసినా నేను ఎత్తలేదు. నేనిచ్చిన సూచనలు పాటించడానికి వాళ్ళకు నేనే వీలు లేకుండా చేశాను. మిగిలిన రెండు పరీక్షల సగటు హద్దు దాటింది. తిరిగి కొలవాలి.

ముజఫ్ఫర్ అలీ రెండు కాగితాలూ చదివాడు. ఒకసారి కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చదివాడు.

"జయంత్ రాసియ్యాలె అన్న. మీరెందుకు రాసిన్రు?"

"జరిగింది కాబట్టి సర్."

"ఇది క్లయింట్ చదివితే ఏమనుకుంటడు? ఈ ల్యాబోళ్ళకు సీసా పంపుడు గూడ రాదనుకుంటడు."

"అనుకోనివ్వండి. ఈసారికి నిజమే కదా."

ఆయన చాలాసేపు కాగితం మీద వేళ్ళతో తాళం వేశాడు. ఆయనలో కోపం కంటే అలసటే కనిపించింది. "ఫోను సంగతి తీసేస్త. అది మీకూ జయంత్‌కూ నడుమ. మిగిలింది పంపుత. నాకిది నచ్చలేదు, గుర్తు పెట్టుకోండి."

గురువారం రిపోర్టు వెళ్ళింది. ఆదివారం క్లయింట్ నుంచి ఫోన్ వచ్చింది. అరగంట సేపు ముజఫ్ఫర్ అలీ 'ఎస్ సర్' తప్ప ఇంకేమీ అనలేదు. పెట్టేశాక సావిత్రి గది గుమ్మంలో నిలబడి చెప్పాడు.

"మళ్ళ కొలవాలె. మన ఖర్చు మీదనే. ఈసారి మీరే పోండి. మీ సీసాలు మీరే మోసుకపోండి, మీ ఫోను మీరే ఎత్తుకోండి."

"నేనా? చిమ్నీ మీదికా?"

"నిజం చెప్పినోళ్ళే ఎక్కాలె," అన్నాడు ఆయన. అందులో హాస్యం ఏమీ లేదు.

ఈసారి కొరియర్ ఫారాన్ని నాలుగుసార్లు తిప్పి పంపారు. రెండు ఫారాలు, రెండు అదనపు సీసాలు. సావిత్రి ఏ వరుసా కొట్టెయ్యలేదు. ఫిబ్రవరి రెండో వారంలో ఆమె, జయంత్, రాజేశం వెళ్ళారు.

ఆ ఐదు రోజులూ ఆమెకు నచ్చినవి కావు. చిమ్నీ లిఫ్టు సగం దూరమే వెళ్తుంది. అక్కడి నుంచి నూటముప్పై ఇనుప మెట్లు. కింద తెల్లటి నేల జల్లెడలాంటి మెట్లలోంచి కనిపిస్తూ ఉంటుంది. వెనక నుంచి రాజేశం, "కిందికి సూడకుర్రి మేడం, నా మాట వినుర్రి, ముందటి మెట్టునే సూడుర్రి," అంటూ ఎక్కాడు. పైన నాలుగు గంటలు నిలబడితే చేతుల్లో సత్తువ పోయింది. రెండో రోజు రంగు మళ్ళీ ఎర్రబడటం మొదలైంది. జయంత్ ఆమె వైపు చూశాడు. "ఆపు," అంది. అదనపు సీసాలోంచి కొత్తది పొయ్యడానికి ఆమె వేళ్ళకు మూత తిరగలేదు. జయంత్ తిప్పాడు. వెచ్చటి గదిలో రాసిన ఒక వాక్యాన్ని అక్కడ చెయ్యడానికి ముగ్గురికి ఇరవై నిమిషాలు పట్టింది.

ఆఖరి రోజు రాజేశం ఆమెను చెరువు దగ్గరికి తీసుకెళ్ళాడు. ముసలాయన అక్కడే ఉన్నాడు. సావిత్రి చేపను చూపించి, చిమ్నీని చూపించి, వద్దన్నట్టు చెయ్యి ఊపింది. ఆయనకు అర్థం కాలేదు. ఆవిడ సిగ్గుపడి వద్దంటోందనుకుని, ఉన్నవాటిలో పెద్దది ఏరి ఆమె చేతిలో పెట్టాడు. ఆ దేశపు భాషలో ఒక్క ముక్క నేర్చుకుని రానందుకు ఆమెకు తన మీద తనకే విసుగొచ్చింది. ఆ సాయంత్రం హోటల్ రిసెప్షన్‌లోని అమ్మాయి చేత, ఆ చేపలు రోజూ తినొద్దని, పిల్లకు పెట్టొద్దని నాలుగు వాక్యాలు రాయించి, కాగితం రాజేశానికి ఇచ్చి పంపింది. ముసలాయన చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడని, మళ్ళీ గాలం వేశాడని రాజేశం వచ్చి చెప్పాడు.

దోహాలో కొలిస్తే మూడు పరీక్షలూ నాలుగు పాయింట్ ఏడు, ఐదు పాయింట్ రెండు, నాలుగు పాయింట్ తొమ్మిది వచ్చాయి. ఈసారి వాదించడానికి ఎవరికీ సందు లేకపోయింది. పెట్టుబడి కంపెనీ కొనుగోలు ఆపలేదు. పాదరసాన్ని పట్టే కార్బన్ ఫిల్టరు పెట్టాకే వాటా తీసుకుంటామని షరతు పెట్టింది. ప్లాంటు వాళ్ళు నెలలపాటు గొణిగి, చివరికి ఒప్పుకున్నారు. ఈ సంగతి ల్యాబ్‌కు మూడు లైన్ల మెయిల్‌లో తెలిసింది. అందులో మూడో లైను, ఫిల్టరు పెట్టాక వచ్చే చలికాలంలో మళ్ళీ కొలవాలని.

జయంత్‌కు తప్పు రాసినందుకు హెచ్చరిక కాగితం ఇచ్చారు. సావిత్రికీ ఇచ్చారు. ఆమె తన దాన్ని ఫైలులో పెట్టుకుంది.

ఆ చలికాలం కొలతకు రాజేశం వెళ్ళనన్నాడు. "ఇద్దరు పోరగాండ్లకు నేర్పుత మేడం. నన్ను ఇడిసిపెట్టుర్రి. నా మోకాళ్ళకు ఆ సలి పడది." సావిత్రి సరేనంది.

ఉమ్ సలాల్ స్టోరు ముందు ఒక సాయంత్రం అతను సీసాల వరస నిలబెట్టి, ఒక నేపాలీకి, ఒక బంగ్లాదేశీకి హిందీలో చెప్తున్నాడు. ఐసు ఎంత వెయ్యాలో, గొట్టం ఎటు వంచాలో, రంగు ఏ వరసలో విరుగుతుందో. సావిత్రి వాకిట్లో నిలబడి వింటోంది. అతను ఒక సీసా పేరు తప్పు చెప్పాడు. ఇంకోచోట క్రమం ముందూ వెనకా చేశాడు. ఆమె రెండుసార్లు నోరు తెరిచి మూసుకుంది. మూడోసారి నేపాలీ కుర్రాడే ఏదో అడిగాడు. రాజేశం ఆలోచించి, తల గోక్కుని, తను చెప్పిన క్రమం సరిదిద్దుకున్నాడు.

"యల్లా, కానియ్యుర్రి, మళ్ళ మొదటికెల్లి," అన్నాడు వాళ్ళతో.